పాలు ముట్టని పెళ్లిపెద్ద

గోడ అవతల ఆ పాట మళ్లీ మొదలైంది.

పెద్దాయన పోయినప్పటి నుంచి పక్కింట్లో టీవీ పెట్టలేదు. దివసాల కర్మ అయ్యాక కూడా కొన్నాళ్లు పెట్టలేదు. ఈరోజు బుధవారం, ఆ ఇంటి చిన్నదానికి బడి లేదు. పదిన్నరకు పాట వినిపించింది. మొదట పిట్టల కూత, తర్వాత ఏదో తీగ వాయిద్యం, ఆ తర్వాత ఆడపిల్ల గొంతు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చేయి ఆగింది. ఆ సినిమాలో గుర్రం ఎక్కడ వస్తుందో, అద్దం ఎక్కడ పగులుతుందో చూడకుండానే చెప్పగలను. రెండేళ్లుగా విన్నదాన్ని. విన్నప్పుడల్లా ఆ పాట మీద ఇంకో గొంతు ఉండేది, గరుకుగా, తప్పు పడుతూ. ఈరోజు పాట ఒక్కటే వస్తోంది.

ఆయన పోయింది సోమవారం. వీధిలోవాళ్లు ఆదివారం అని చెప్పుకుంటుంటే నేనే సరిదిద్దాను. పోయిన మనిషికి ఆ రోజైనా సరిగ్గా ఉండాలి కదా.

ఆయనది వేప్పనపల్లి దాటాక ఆంధ్ర వైపున్న చిన్న ఊరు. గొర్రెలు, కాస్త రాగి చేను, నాలుగు మామిడి చెట్లు. భార్య పోయాక గొర్రెలు అమ్మేసి, సరిహద్దు ఇవతల మత్తిగిరిలో చిన్నకూతురి ఇంటికి వచ్చాడు. కూతురికీ అల్లుడికీ ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆరేళ్ల మనవరాలు చిన్నదాన్ని చూసుకోవడం ఆయన పని. ఆ ఇంట్లో ఇంకో మనవరాలు కూడా ఉంది, చనిపోయిన పెద్దకూతురి బిడ్డ. ఇరవై నిండాయి. ఉద్దనపల్లి దారిలో గులాబీలు పెంచే ప్లాస్టిక్ షెడ్లలో పని. పక్క వాటాలో నేను. ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైన దాన్ని, ఒంటరిదాన్ని. రెండు వాటాలకూ గోడ ఒకటే, ముందున్న అరుగు ఒకటే. నా పేరు ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆఫీసమ్మా అని పిలిచేవాడు.

చిన్నదానికి ఒక బొమ్మల సినిమా అంటే పిచ్చి. ఇంగ్లీషు సినిమా. కథ ఇంతే: కొండ మీద గాజు ఇంట్లో ఒక రాజకుమార్తె ఉంటుంది. మంత్రగత్తె శాపం వల్ల బయటికి రాలేదు. ఒక రాజకుమారుడు గుర్రమెక్కి వస్తాడు. గాజుకు అటు ఆమె, ఇటు అతను, ఒక పాట. గాజు పగులుతుంది. అతను మోకాలి మీద కూర్చుని ఏదో అంటాడు, ఆమె ఏదో అంటుంది, పెళ్లి.

పెద్దాయన సోఫా మీద కూర్చునేవాడు కాదు. గడప పక్కన గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ల మీద వేసుకుని చూసేవాడు. గుర్రం రాగానే తువ్వాలు విదిలించేవాడు. సంతలో బేరం మొదలుపెట్టేవాడిలా.

"గుర్రం బాగుండాది. గుర్రమెక్కినోడి సంగతే తెలీదు."

"వాడు ప్రిన్స్ తాతా!"

"ప్రిన్సైతే? ప్రిన్సుకి ఎన్ని గొర్రెలుండాయి? వాళ్లమ్మా నాయినా యాడ? పిల్లను చూసేదానికి ఒక్కడే వస్తాడా యాడన్నా?"

"తాతా, సుమ్మనే చూడు, మాట్లాడొద్దు."

"ఆ గాజు ఇల్లు చూడు, మన గులాబి షెడ్డు మాదిరే ఉండాది. ఎండకి ఆ పిల్ల ఉడికిపోదా? నీళ్లు యాడినుంచి తెచ్చుకుంటాది?"

చిన్నది చెవులు మూసుకునేది. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వేదాన్ని. ఆ సినిమా గురించి మా ఇద్దరిదీ ఒకే మాట, ఉత్త పైపై వ్యవహారమని. ఒకరోజు గడియారం పెట్టి మరీ చూశాను. ఆ అబ్బాయి ఆ అమ్మాయిని మొదట చూసిన దగ్గర్నుంచి పెళ్లి మాట దాకా పదకొండు నిమిషాలు. అందులో మూడున్నర పాటకే పోయింది. మంత్రగత్తె ఇంకో రెండు తినేసింది.

"పదకొండు నిముషాలా?" అన్నాడు పెద్దాయన. "గొర్రెను కొనేదానికే ఒక పూట పడతాది గదమ్మా!"

నా వైపు తిరిగాడు. "ఆఫీసమ్మా, నిన్ను చూసేదానికి వచ్చినోళ్లు ఎంతసేపు ఉన్నారు?"

"ఉప్మా తిన్నంతసేపు."

"ఆయన మొగం చూసినావా?"

"కాళ్లు చూశాను. సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు. మొహం పెళ్లినాడు చూశాను."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నీకన్నా ఆ పిల్లే మేలు. పదకొండు నిముషాలు మొగం చూసింది!"

నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చి చాలాసేపు ఆ చిరుగు సాక్సే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ చిరుగును పెళ్లయిన మరుసటి వారం నేనే కుట్టాను. అప్పటికి మా ఆయన నన్ను పేరు పెట్టి ఇంకా పిలవలేదు.

పెద్దాయనకు ఆ సినిమా మీద అంత కోపం ఎందుకో తర్వాత తెలిసింది. ఊళ్లో ఆయన పెళ్లిపెద్ద. అంటే సంబంధం వచ్చినప్పుడు మగపిల్లవాడి ఇల్లు చూడ్డానికి చుట్టుపక్కల వాళ్లంతా ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. దానికి ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. చెప్పకుండా వెళ్లాలి. పొద్దు గూకే వేళ, పశువులు ఇల్లు చేరేటప్పుడు వెళ్లాలి. పలుపు కింద ఎద్దు మెడ చూడాలి. మెడ ఒరుసుకుపోయి ఉంటే ఆ ఇంట్లో ఓర్పు లేదు.

"కుక్క మొరగాల," అనేవాడు. "మొరిగే కుక్క ఉంటే మంచిదే. మనిషిని చూసి కుక్క మంచం కిందికి దూరిందనుకో, ఆ ఇంట్లో కొట్టేవాడు ఉండాడని లెక్క."

అన్నిటికన్నా ముఖ్యం, మొదటిసారి పోయిన ఇంట్లో మంచినీళ్లే తాగాలి. పాలు తాగితే మాట ఇచ్చినట్టు. వాళ్లలో అది తాంబూలం కన్నా గట్టిది. పెళ్లిపెద్ద పాలు తాగి గ్లాసు బోర్లించాడంటే ఇక వెనక్కి లేదు.

"ఈ గుర్రమోడింటికి ఎవురన్నా పోయినారా? ఎవురన్నా నీళ్లు తాగినారా?" అని టీవీని అడిగేవాడు.

పెద్దమనవరాలు వీటిల్లో వేటికీ మాట్లాడేది కాదు. పొద్దున్నే వ్యాను వచ్చేది, ఎక్కి పోయేది. సాయంత్రం వచ్చి చేతులు కడుక్కునేది. చేతుల నిండా ముళ్ల గీతలు. ఒకసారి విరిసిపోయిన గులాబీలు కొన్ని తెచ్చింది. విరిస్తే పెట్టెలోకి పనికిరావట, దూరదేశాలకు పోయేవన్నీ మొగ్గలేనట. చెట్టు మీదున్నప్పుడే ఒక్కో మొగ్గకూ చిన్న వల తొడుగుతారని చెప్పింది. విచ్చుకోకుండా, లోపల్లోపలే పెద్దదవడానికి.

"మొగ్గకి చిక్కం కట్టేదా!" అన్నాడు పెద్దాయన. దూడ చేలో నోరు పెట్టకుండా మూతికి కట్టే వల చిక్కం. "ఇదేం పాడు పని తల్లీ?"

ఆ పిల్ల కొంచెం నవ్వింది. ఆ నవ్వు కూడా చిక్కం కట్టినట్టే ఉండేది.

నిరుడు అనపకాయల కాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం అనుకుంటా. అనుకుంటా ఏమిటి, ఆదివారమే. నేను వాళ్లింట్లో కూర్చుని అనపకాయలు వలుస్తున్నాను. సినిమా నడుస్తోంది. గాజు పగిలింది. పెద్దాయన తువ్వాలు విదిలించలేదు.

"ఏమే చిన్నదానా, ఆడ మోకాలి మీద కూచొని వాడు ఏమో చెప్తా ఉండాడే, ఏమది? ఊరు, పేరు, వంశం చెప్తా ఉండాడా?"

"కాదు తాతా. నాతో వస్తావా, నీకిష్టమా అని అడుగుతా ఉండాడు."

"ఎవుర్ని?"

"ఆ అమ్మాయినే!"

"ఆయమ్మనేనా?" అని నా వైపు చూశాడు. అవునన్నాను. అన్నాళ్లూ ఆయన ఆ మాటలు ఇంగ్లీషు గోల కింద వదిలేశాడు. నేనూ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లో విని లెక్కలోకి తీసుకోలేదు.

"ఇష్టం లేదంటే?"

చిన్నది ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. "అప్పుడు గుర్రమెక్కి పోతాడు."

"ఊరికే పోతాడా? కోపం చేసుకోకుండా?"

"ఊఁ. మంచోడు గదా."

పెద్దాయన తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. తర్వాత, "మళ్లీ పెట్టు," అన్నాడు. ఆ సినిమాను మళ్లీ పెట్టమని ఆయన అడగడం అదే మొదలు.

ఆ చోట సినిమాలో వాయిద్యం ఆగిపోతుంది. అతను అడిగాక ఆమె వెంటనే జవాబు చెప్పదు. తన చేతుల వైపు చూసుకుంటుంది. గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు నుంచి ఆ చోటు వచ్చినప్పుడల్లా పెద్దాయన చేయి పైకెత్తి, కూతురికి చెప్పినట్టు, టీవీలో పిల్లకు చెప్పేవాడు:

"తొందర పడొద్దమ్మా. నిదానంగా ఆలోచించి చెప్పు."

చిన్నది కిలకిల నవ్వేది. కొన్నాళ్లకు అది కూడా చేయెత్తి ఆయనతో పాటే అనడం నేర్చింది.

పెద్దకూతురి సంగతి ఆయన నాకు చెప్పింది ఆ వారంలోనే, అరుగు మీద. నేను అడగలేదు. అనపకాయలు వలుస్తూ వలుస్తూ, గింజలు తీసిన తొక్కలు ఒళ్లో పోగవుతుంటే, తల ఎత్తకుండా చెప్పాడు.

"మా పెద్దబిడ్డకి నేనే చూసినాను సంబంధం. పరాయోళ్లను నమ్మలేదు. బాయి ఉండాది, నీళ్లుండాయి. మామిడితోట ఉండాది. ఎద్దు మెడ నున్నగా ఉండాది. కుక్క మొరిగింది. పాలిచ్చినారు, తాగినాను. ఒక్క తప్పు లేదమ్మా ఆ ఇంట్లో."

"మరి?"

"అదేనమ్మా. తప్పు లేదు. మొగుడు తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. ఏడాదికేడాదికి ఆ పిల్ల మాటలు తక్కువైపోయినాయి. పండగకు వస్తే ఒక మూల కూచునేది. నీకేమి తక్కువే అంటే, ఏమీ తక్కువ లేదు నాయినా అనేది. కడుపులో నొప్పి అని ఎవురికీ చెప్పలేదు. పడిపోయినాక కృష్ణగిరి ఆస్పత్రికి తీసుకొనిపోతిమి. ఎన్నాళ్ల నుంచి నొప్పి అని డాక్టరు అడిగినాడు. మొగుడు నా మొగం చూసినాడు. నేను వాడి మొగం చూసినాను."

గింజల గిన్నె నా వైపు జరిపాడు.

"బాయి చూసినాను, ఎద్దు చూసినాను. బిడ్డను మాత్రం అడగలేదు. ఆ బొమ్మలోడికి ఎద్దూ లేదు, బాయీ లేదు. ఆ ఒక్క మాట మాత్రం అడిగినాడు."

గిన్నె నా ఒళ్లోకి తీసుకున్నాను. పదకొండు నిమిషాల లెక్క అప్పుడు గుర్తొచ్చి కొంచెం ఇబ్బంది అనిపించింది. నా అభిప్రాయం మార్చుకోలేదు. పాట పాడినంత సేపట్లో ప్రేమ పుడుతుందంటే ఈ వయసులో నేను నమ్మను. కాకపోతే తూకం వేసేటప్పుడు రెండో తట్టలో ఏముందో కూడా చూడాలి. రెండో తట్టలో ఉప్మా ప్లేటు, పాల గ్లాసు ఉన్నాయి.

సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు పెద్దమనవరాలికి సంబంధం వచ్చింది. అబ్బాయి గులాబీ షెడ్ల వ్యాను నడిపేవాడే. ఉద్దనపల్లి. సొంత ఇల్లు, రెండు ఆవులు. వాళ్ల చుట్టం ఒకామె వచ్చి చెప్పి పోయింది. మర్నాడు పెద్దాయన నా తలుపు తట్టాడు.

"నాతో రావాల ఆఫీసమ్మా. వంటిల్లు చూసేదానికి ఆడమనిషి ఒకరు ఉండాల. కూతురికి షిఫ్టు."

"పిల్లను అడిగారా?" అన్నాను.

"అడుగుతాను. ముందు ఇల్లు చూసొస్తాను. ఇల్లు బాగలేదనుకో, ఆ పిల్ల మనసులో ఆశ ఎందుకు పెట్టాల? ఈసారి నీళ్లే తాగుతాను. వచ్చి అడుగుతాను. ఊఁ అంటే ఇంకోసారి పోయి పాలు తాగుతాను. కాదంటే నీళ్లు తాగినదానికి తప్పు లేదు గదా."

వరస సరిగ్గానే ఉందనిపించింది. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను.

పొద్దు గూకే వేళకు ఉద్దనపల్లిలో బస్సు దిగాం. ఆ ఇంటి కుక్క వీధి మలుపు దాకా వచ్చి మొరిగింది. పెద్దాయన నా వైపు చూసి తలూపాడు. ఆవుల దగ్గర ఆగి, మెడ కింద వేళ్లు పెట్టి చూశాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. మసి లేదు. ఉప్పు జాడీకి మూత ఉంది. తాగే నీళ్ల బిందె మీద పళ్లెం బోర్లించి ఉంది. నాకు నచ్చింది. అబ్బాయి ఇంట్లో లేడు, సాయంత్రం ట్రిప్పుకు వ్యాను తీసుకుపోయాడు. అబ్బాయి తండ్రి, అవ్వ ఉన్నారు. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడకు ఆనుకున్నారు.

అవ్వ లోపల్నుంచి గ్లాసు తెచ్చింది. బెల్లం, ఏలకులు వేసి కాచిన పాలు.

పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. అందుకోకుండా ఉండలేడు. "నీళ్లిస్తే చాలమ్మా," అన్నాడు.

"నీళ్లేందప్పా!" అంది అవ్వ. "మీ పిల్లను మావాడు రోజూ చూస్తానే ఉండాడు. మాకిష్టమే. తాగు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. అబ్బాయి తండ్రి వర్షం గురించి, పాల రేటు గురించి మాట్లాడాడు. గ్లాసు మీద మీగడ కట్టింది. గోడ దగ్గరి ఆడవాళ్లు గ్లాసునే చూస్తున్నారు.

"ఏమప్పా, మా ఇంటి పాలు విరిగినాయా?" అంది అవ్వ. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"తప్పుగా అనుకోవద్దు తల్లీ. ఇల్లు బంగారం మాదిరి ఉండాది. రేపే వచ్చి తాగుతాను. పిల్లను ఒక మాట అడగాల."

"ఏమని?"

"ఇష్టమా అని."

అబ్బాయి తండ్రి మెల్లగా లేచాడు. "పిల్లను అడక్కుండానే నువ్వు ఊరు కదిలినావా? నువ్వు పెండ్లిపెద్దవా, పేరంటానికి వచ్చినావా?" గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్బాయి తండ్రి గొంతు తగ్గించాడు. తగ్గిన గొంతే ఎక్కువ గట్టిగా వినిపించింది. "అడగాల్సినంత ఏముండాదప్పా? ఆ పిల్లకి ఇంకెవురన్నా ఉండారా?"

"అయ్యో, అట్లాంటిదేం లేదప్పా..."

"లేకుంటే తాగు."

పెద్దాయన గ్లాసు వైపు చూశాడు. ఆయన చేయి కదిలింది కూడా, నేను చూశాను. గ్లాసు దాకా పోయి, పక్కనున్న తువ్వాలు తీసుకుని వెనక్కి వచ్చింది. ఆ క్షణంలో ఆయన కళ్ల ముందు ఏ ఇల్లు ఉందో, ఏ గ్లాసు ఉందో నాకు తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు.

అవ్వ గ్లాసు తీసుకుపోయి కుక్క ముందు పోసింది.

బస్సులో ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఇల్లు బాగుండాదమ్మా."

మత్తిగిరి చేరేసరికి పెద్దమనవరాలు చేతులు కడుక్కుని లోపలికి వస్తోంది. పెద్దాయన కాళ్లు కూడా కడుక్కోలేదు. ఆ పిల్లను పిలిచి సోఫాలో కూర్చోమన్నాడు. తాను ఎదురుగా, నొప్పి మోకాళ్లు మడిచి, నేల మీద కూర్చున్నాడు. నేను వెళ్లబోతే చేత్తో ఆపాడు.

"వ్యాను పిల్లోడి సంబంధం వచ్చిండాది. నీకు ఇష్టమా తల్లీ? తొందర పడొద్దు. నిదానంగా ఆలోచించి చెప్పు. కాదన్నా ఎవురూ ఏమీ అనరు."

ఆ పిల్ల తన చేతుల వైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"ఇష్టమే తాతా."

తర్వాత, నేనెప్పుడూ వినని గొంతుతో, ఒక్కసారిగా చెప్పేసింది. "వ్యానులో నాకు తల తిరుగుతాదని ముందు సీట్లో ఎవురినీ కూచోనియ్యడు తాతా. కిటికీ పక్క సీటు. రెండేండ్లుగా. ఒక్క మాట కూడా మాట్లాడింది లేదు. కూచోమని కూడా అనడు, సంచి పెట్టి ఉంచుతాడు, నేనొస్తే తీస్తాడు. అంతే." అని నవ్వింది. ఆ నవ్వుకు చిక్కం లేదు.

పెద్దాయన నా వైపు చూశాడు. చెప్పవలసింది ఆయనే. జరిగిందంతా చెప్పాడు, పాలు కుక్కకు పోసిన సంగతితో సహా. అబద్ధం కలపలేదు. ఆ పిల్ల చివరి దాకా విన్నది.

"పోయే ముందు అడిగుండొచ్చు గదా తాతా," అంది. గట్టిగా కూడా అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి రాగి పిండి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది.

రెండు రోజులకు వ్యానుకు కొత్త డ్రైవరు వచ్చాడు. పాత అబ్బాయి ఇంకో దారికి మారిపోయాడట. నేను ఉండబట్టలేక ఆ పిల్లను అడిగాను. "ఫోన్ నంబరు లేదా నీ దగ్గర?"

"ఉండాది అవ్వా. ఏమని పెట్టేది?"

"ఇష్టమని పెట్టు."

"వాళ్ల నాయిన మా తాతను నలుగురిలో నవ్వులపాలు చేసినాడు. ఆ మాట మీద ఈ మాట యాడ పెట్టేది?"



పెద్దాయన మళ్లీ ఉద్దనపల్లి పోయాడు, ఈసారి ఒక్కడే. కూతురు వద్దంది, అల్లుడు కోప్పడ్డాడు. వినలేదు. ఉతికిన పంచె కట్టుకుని మధ్యాహ్నం బస్సుకు పోయాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పాలు ఇయ్యండి, ఇప్పుడే తాగుతాను అంటిని."

"ఏమన్నారు?"

"మర్యాదగానే మాట్లాడినారు. కుర్చీ వేసినారు." తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచాడు. "నీళ్లు ఇచ్చినారమ్మా."

ఆ వేసవిలోనే ఆ అబ్బాయికి రాయకోట వైపు పిల్లతో పెళ్లయింది.

ఆ తర్వాత ఆయన్ని సంబంధం చూడ్డానికి రమ్మని ఊరి నుంచి ఎవరైనా వస్తే, కళ్లు కనపడడం లేదని పంపేసేవాడు. కళ్లకేం లేదు. టీవీ చక్కగానే చూసేవాడు. గుర్రం గురించి, గొర్రెల గురించి మాట్లాడడం మానేశాడు. గాజు పగిలి, వాయిద్యం ఆగి, ఆ రాజకుమార్తె తన చేతుల వైపు చూసుకునే చోటు వచ్చినప్పుడు మాత్రం గడప దగ్గర్నుంచి కొంచెం ముందుకు జరిగేవాడు. చేయి ఎత్తేవాడు కాదు. మాట మారింది.

"తొందరగా చెప్పమ్మా. తొందరగా."

చిన్నది మొదట్లో సరిదిద్దింది. "కాదు తాతా, తొందర పడొద్దు అనాల!" ఆయన సరిదిద్దుకోలేదు. తర్వాత అది కూడా ఊరుకుంది.

చలికాలం వచ్చేసరికి ఆకలి తగ్గింది, తర్వాత నడక తగ్గింది. నొప్పి యాడ నాయినా అని కూతురు అడిగితే వెంటనే చెప్పేవాడు, చోటు చూపించి, ఎన్నాళ్లుగా ఉందో కూడా చెప్పేవాడు. అందులో మాత్రం ఎవరినీ వెతుక్కోనివ్వలేదు. డాక్టరు వయసు అన్నాడు. సోమవారం పోయాడు.

దివసాలయ్యాక పెద్దమనవరాలు నా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని గుప్పెడు అనపగింజలు వేసి తెచ్చింది. నిలబడే ఉంది.

"తాత మీద కోపమా?" అన్నాను.

"కోపమే అవ్వా." కాసేపు గిన్నె అంచు తుడిచింది. "ఒక మనిషి ఇష్టమని నా నోటితో చెప్పింది ఆ ఒక్కసారే. విన్నది తాతే. ఇప్పుడు విన్నోళ్లు కూడా లేరు."

నేనూ విన్నాను కదా అనబోయాను. అనలేదు. నేను వినడం వేరు.

ఇదంతా జరిగింది. ఇప్పుడు గోడ అవతల గుర్రం వచ్చింది. పాట అయిపోవస్తోంది. ఈరోజు పెద్దపిల్లకూ వారపు సెలవే. వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు పాట కింద వినిపిస్తూనే ఉంది. గాజు పగిలింది. ఆ అబ్బాయి అడగవలసింది అడిగాడు. వాయిద్యం ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోంచి చిన్నదాని గొంతు వచ్చింది. గరుకుగా, తాత గొంతు తెచ్చిపెట్టుకుని.

"తొందరగా చెప్పమ్మా. తొందరగా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. గోడకు ఇవతల బియ్యం చాట పట్టుకుని నేనూ ఆగాను. రాజకుమార్తె ఎప్పటిలాగే చాలాసేపు తీసుకుని, ఇష్టమే అంది.

కాసేపటికి గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.